కంచెయే చేను మేసినప్పుడు

మా నాయనగారికి గుండెపోటు వచ్చి మూఁడు సంవత్సరములు గడచినవి. ఆనాఁడు ప్రాణాపాయము తప్పినది గాని గుండె పూర్వబలమును పొందలేదు. వైద్యులు దీనిని దీర్ఘకాలిక హృదయ వైఫల్యమందురు. కనగానపల్లిలో మా వేరుసెనగ చేనికిఁ దమ చేతులతోఁ గంపకంచె వేసిన మనిషి యిప్పుడు వీధి మలుపు దాఁక నడచి యాయాసముతో నరుగుపైఁ గూలఁబడును. సాయంకాలమునకుఁ బాదములు వాచును. మూఁడు దిండ్లు లేనిదే నిద్రపట్టదు.

నేను తరగతిలో తెల్లరక్తకణములను తలారులతోఁ బోల్చి చెప్పుట వాడుక. ఆ తలారులను అదుపులో నుంచు పెద్దలు కొందఱు కలరు. నియంత్రక టి-కణములని వీనికిఁ బేరు. జపానుదేశీయుఁడగు షిమోన్ సకగుచి 1995లో వీనిని స్పష్టముగాఁ జూపెను. 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనువారితోఁ గూడ నోబెల్ బహుమానము నందెను. గుండెపోటైన తొలి దినములలో నీ కణములు తక్కిన కణముల యుద్రేకమును చల్లార్చి గాయము మానుటకుఁ దోడ్పడును.

ఈ సంగతి నాయనగారికిఁ జెప్పి, "మీ గుండెకుఁ గావలివారున్నారు, భయపడకుఁడు" అంటిని. ఆయన నవ్వి, "కావలి యుండఁగా మూఁడేండ్లుగా నీ యవస్థ యేమిరా?" యనిరి. నాకు సమాధానము తోఁపలేదు. పిల్ల లడిగినదానికి "రేపు చెప్పెద" ననుట ఉపాధ్యాయులకు అలవాటే కదా! అదే చెప్పితిని.

పిమ్మటఁ జదువఁగాఁ దెలిసినది. 2019లో అమెరికాలోని అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హామ్ పరిశోధకులు చుంచెలుకలపైఁ జేసిన పరీక్షలను ప్రకటించిరి. గుండెకు రక్తము నందించు నాళమును బిగించిన 8 వారములకు, గుండె దుర్బలమైన దశలో, ఆ కావలి కణముల స్వభావమే మాఱిపోయినది. శోథమును, అనఁగా గాయమైనచోటఁ బుట్టు మంటను, అణఁచుటకు మాఱుగా నవి పెంచసాగినవి. క్రొత్త రక్తనాళముల పెరుగుదలను అడ్డగించినవి. (పాదముల వాపు వేఱు; అది నీరు నిలుచుటచేఁ గలుగునది.) కంచెయే చేను మేసినదన్నమాట. ఆ కణములను తొలగింపఁగా, సాగిపోయిన గుండె కొంత కుదుటఁబడెను. అంతకంటె వింత యేమనఁగా, మరలఁ బుట్టిన కణములు ఆ దుర్గుణములను విడిచియుండెను.

ఇదంతయు నాయనగారికిఁ జెప్పితిని. చుంచెలుకకుఁ గుదిరినది మనుష్యునికిఁ గుదురునని యెవరును ఇంకను తేల్చలేదనియు, నీరు వెడలించు మాత్రయు, ఉప్పు తగ్గించిన ఊరుబిండియు తప్పవనియుఁ గూడఁ జెప్పితిని. ఊరుబిండి మాటకే ఆయన మొగము చిట్లించిరి. కొంతసేపటికి, "పుచ్చిన కంపమీఁదఁ గ్రొత్త కంప వేసిన నిలువదురా, ముందు పాతది పెఱుకవలె" నని, దిండు సరిచేయుమని చేయి చూపిరి.