ఉప్పుగాలిలో ఆస్టిన్ కారు

బందరు వైపు కాపురమున్న మన పాఠకులకు తుప్పు సంగతి చెప్పనక్కరలేదు. సముద్రపు గాలికి కిటికీ చువ్వలు, సైకిలు చెయిన్లు, ట్రంకు పెట్టెలు, చివరకు సమాధుల తోట గేటు సహితము కొన్ని వర్షాకాలాలకే పొరలు పొరలుగా రాలిపోతాయి. అటువంటి గాలిలో డెబ్బై ఏళ్లు దాటిన ఇంగ్లీషు కారు ఒకటి నిలిచి, హైదరాబాదులో పాత కార్ల పోటీకి సిద్ధమవుతున్నదని తెలిసినప్పుడు చూడవలెనని ఎవరికైనా అనిపిస్తుంది గదా!

అది ఆస్టిన్ ఏ-40 డెవన్, దివిసీమలోని ఒక రైతు కుటుంబానిది. తండ్రిగారు మద్రాసులో కొన్నారు. అప్పటికి మన జిల్లా మద్రాసు రాష్ట్రములోనిదే. అక్కడ 1948లో ఏర్పడిన అశోక్ మోటార్స్ వారు ఇంగ్లండు నుండి విడిభాగాలు తెప్పించి ఈ కార్లను బిగించేవారు. ఆ కంపెనీయే 1955లో అశోక్ లేలాండ్ అయినది. మన బస్సుల ముందు ఆ పేరు చూడనివారెవరు? ఆస్టిన్ కంపెనీని 1905లో లాంగ్‌బ్రిడ్జిలో స్థాపించిన హెర్బర్ట్ ఆస్టిన్ రైతు కుమారుడు. ఆస్ట్రేలియాలో గొర్రెల బొచ్చు కత్తిరించే యంత్రాల మీద పనిచేసి, ఆ తరువాత కార్లకు వచ్చినవాడు. 1611లోనే ఇంగ్లీషు వర్తకులు బందరు రేవులో దిగారు గాని, వారి కారు మాత్రం మద్రాసు నుండి రోడ్డు మీదనే రావలసివచ్చింది.

ఇటువంటి పోటీలు మన దేశములో క్రొత్తవి కావు. స్టేట్స్‌మన్ పత్రికవారు ఢిల్లీలో 1964లోను, కలకత్తాలో 1968లోను పాత కార్ల ర్యాలీలు మొదలుపెట్టారు. తళతళ మెరిసినంత మాత్రాన బహుమతి రాదు. ఫ్యాక్టరీ నుండి వచ్చిన దినాన బండి ఎలా ఉన్నదో అలాగే ఉన్నదా అని న్యాయనిర్ణేతలు వంగి చూస్తారు. స్విచ్చు మారినా, సీటు గుడ్డ మారినా మార్కులు తగ్గుతాయి.

బండిని గుడివాడలో ఒక షెడ్డుకు చేర్చి, ఏడాదిన్నర పని చేయించారు. నేను వెళ్లినప్పుడు మెకానిక్ ట్రాఫికేటరు చూపించాడు. ఈనాటి ఇండికేటరు వంటిదే. స్విచ్చు త్రిప్పగానే తలుపుల మధ్య స్తంభములో నుండి చిన్న చేయి ఒకటి పైకి లేచి వెలుగుతుంది. బడిలో ప్రశ్నకు చేయెత్తిన పిల్లవానివలె ఉన్నది! ఈ బండికి ముందు బ్రేకులు ఆయిలుతోను, వెనుకవి కడ్డీలతోను పనిచేస్తాయి. బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి బిగించి ఉంటుంది. ఈనాటి కార్లకు ఇది తలక్రిందులు. ఆనాటి నట్లకు మన మిల్లీమీటరు స్పానర్లు పట్టవు గనుక అంగుళాల సెట్టు పాత ఇనుము అంగళ్లలో వెదికి తెచ్చుకున్నాడు.

బంపరు మెరుగు పని వేరే కథ. బందరులో చిలకలపూడి ఉన్నది, రోల్డుగోల్డు నగలకు పేరుపొందినది, అక్కడే పూత పూయించరాదా అని నేనంటే అతడు నవ్వాడు. బంపరుకు ముందు రాగి, పైన నికెలు, ఆ పైన క్రోమియం పూయాలి. గాజులు ముంచే తొట్టిలో బంపరు పట్టదు గదా.

పోటీకి ముందు పరీక్షగా గుడివాడ నుండి అవనిగడ్డ దాకా సుమారు డెబ్బై కిలోమీటర్లు నడిపారు. వెనుక సీటులో నేనున్నాను. గుడ్లవల్లేరు, కవుతరం దాటి పెడన చేరేసరికి రేడియేటరు వేడెక్కినది. కలంకారీ గుడ్డలు ఆరవేసిన చోట ఆపి నీళ్లు పోశాము. బందరు కోనేరు సెంటరులో జనం మూగి, ఏ సినిమా షూటింగని అడిగారు. అక్కడి నుండి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ దగ్గర దివిసీమలో ప్రవేశించాము. ఇరుప్రక్కల వరిచేలు, అరటితోటలు. బండి గంటకు నలభై దాటలేదు గాని ఎక్కడా మొరాయించలేదు.

నా కాళ్ల క్రింద రబ్బరు పట్టా జరిగినప్పుడు, నేలరేకు మీద సగం చెరిగిన అక్షరాలు కనబడ్డాయి. డీజిలు డ్రమ్ము రేకు అది. 1977 నవంబరు 19 ఉప్పెనను దివిసీమ మరువలేదు. పదివేలకు తక్కువ కాని ప్రాణాలు పోయిన దినమది. కారు కొట్టములో రోజుల తరబడి ఉప్పునీటిలో నానింది. మరుసటి ఏడు నేల ఊడి పడగా, దొరికిన డ్రమ్మును కోయించి తండ్రిగారు అతుకు వేయించారు. ఆ తరువాత చాలా ఏళ్లు ప్రసవాలకు, పాముకాటుకు ఊరివారిని బందరు ఆసుపత్రికి చేర్చినది ఆ అతుకు మీదనే.

"ఇది కోసేసి కొత్త రేకు వేద్దాం బాబాయ్ గారూ, మార్కులు పోతాయి," అని మెకానిక్ అనేకసార్లు చెప్పాడట. "పోతే పోనీరా. మా నాన్న వేయించిన రేకు అది," అన్నారు పెద్దాయన. మెకానిక్ మాటలోనూ న్యాయమున్నది, అతుకు క్రింద తుప్పు దాగుతుంది. అందుచేత చుట్టూ గీకి, రెడ్డాక్సైడు పూసి, అక్షరాలను మాత్రం ముట్టకుండా వదిలారు. నేనైనా అలాగే చేసియుందును. అయితే న్యాయనిర్ణేతలను తప్పుపట్టడానికి లేదు. ఎవరి అతుకుకు వారి కథ ఉన్నది, అన్నీ వింటూ కూర్చుంటే పోటీ సాగదు.

చట్టము కూడ ఇప్పుడు ఇంచుమించు వారివలెనే చూస్తుంది. 2021 జూలైలో కేంద్రము చేసిన నియమాల ప్రకారము యాభై ఏళ్లు దాటి, చట్రము, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బండ్లనే వింటేజి బండ్లుగా నమోదు చేస్తారు. మన ప్రాంతములో పెట్రోలు ఖర్చుకు జడిసి డీజిలు ఇంజన్లు పెట్టించుకున్నవారు ఎందరో. ఈ ఆస్టిన్ ఆ రోజుల్లో చెడిపోయి మూలపడి ఉండడమే దానికి మేలైనది! అయితే ఆ విధముగా నమోదైన బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప నిత్యము రోడ్డుమీద త్రిప్పరాదు. ఊరి రోగులను మోసిన బండికి ఇక ఆ పని లేదు.

లారీ మీద హైదరాబాదు వెళ్లి వచ్చారు. కప్పు రాలేదు. ట్రాఫికేటర్లు రెండూ పనిచేస్తున్నందుకు న్యాయనిర్ణేతలు మెచ్చుకొని, నేలరేకు దగ్గర మార్కులు తగ్గించారట. ఆ అక్షరాలేమిటని వారిలో ఒకరు అడిగితే పెద్దాయన ఉప్పెన సంగతి చెప్పారు. ఆయన కొంతసేపు వంగి ఆ రేకునే చూసి, ఏమీ అనక తరువాతి కారు వద్దకు వెళ్లారట.

ఇల్లు చేరిన రాత్రే పెద్దాయన కారు అడుగుభాగమంతా మంచినీళ్లతో కడిగించి, పొడిగుడ్డతో తుడిచి, బంపరుకు వేజలైను పూయించారు. తూర్పుగాలి అప్పటికే మొదలైనది.