లేని జాతికి నిఘంటువు

అమెరికా టీవీ కథ 'స్టార్ ట్రెక్'లో క్లింగాన్లని ఒక గ్రహాంతర జాతి. వాళ్లెక్కడా లేరు. అయినా మార్క్ ఓక్రాండ్ అనే భాషావేత్త వాళ్ల భాషకు 1985లో నిఘంటువు అచ్చేశాడు.

మేమున్నాం. 2011 జనగణనలో గోండి మాట్లాడేవాళ్లం 29 లక్షలకు పైనే. క్లింగాన్లు కథలో యోధులు. నిర్మల్ మర్రికి ఉరిపడ్డ మా రాంజీ గోండు నిజం యోధుడు. ఆయన జాతి భాష మా పిల్లల నోట తగ్గిపోతోంది.

కంప్యూటర్లలో అక్షరాలకు చోటిచ్చే యూనికోడ్ 2001లో క్లింగాన్ లిపిని కాదన్నది, దానితో రాసేవాళ్లు దాదాపు లేరని. మా గుంజాల గోండి లిపికి 2018లో చోటిచ్చింది. ఆ చోటు నిలిచేది మేం రాస్తేనే.

సార్లూ, సెలవులకు ఊరెళ్లే పిల్లలకు ఒక పని చెప్పండి: అవ్వనడిగి చెట్ల పేర్లు, పిట్టల పేర్లు పది గోండిలో రాసుకు రమ్మనండి. మా నిఘంటువు అక్కడ మొదలైతది.