సోమశిల రేవులో మూడు టోపీలు

పుష్యమాసంలో పాలమూరు పల్లెల్లో తెల్లవారుజామున నడిచి చూడండి. ఖాళీ నెత్తితో మనిషి కనిపించడు. గొర్రెల కాపరి గొంగడిని ముసుగు వేసుకొని మంద వెనుక నడుస్తుంటాడు. చెరువుగట్టు మీద రైతు రుమాలును చెవుల మీదుగా బిగించి కట్టుకొని వస్తుంటాడు. ఆడవాళ్ళు కొంగు నిండుగా కప్పుకొంటారు. బస్సుకోసం నిలబడిన గుమాస్తాలూ, బడిపంతుళ్ళూ కళ్ళు మాత్రం బయట పెట్టి మంకీ టోపీల్లో దాక్కొంటారు. ఎండలకు పేరుపడిన ఈ ఎత్తునేల, చలికాలంలో నెత్తిని ఎంత భద్రంగా దాచుకొంటుందో చూస్తే ముచ్చట వేస్తుంది.

ఈ సంక్రాంతి సెలవుల్లో నేను కృష్ణ ఒడ్డుకు వెళ్ళినది కూడా ఒక తలకట్టు సంగతి తేల్చడానికే. అయితే అది చలిగాలిలో కట్టుకొనేది కాదు, చన్నీళ్ళలో ఈదేటప్పుడు పెట్టుకొనేది!

మా చెల్లెలి కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నది. దానికి ట్రయథ్లాన్ అనే పోటీల మీద మోజు. ఈత, సైకిలు, పరుగు, ఈ మూడూ ఒకే రోజున ఒకదాని వెంట ఒకటి ముగించాలి. పూర్తి నిడివి పోటీలో ఈత 3.8 కిలోమీటర్లు, సైకిలు 180, పరుగు 42.2. 1978 ఫిబ్రవరిలో హవాయి దీవుల్లో ఈ వేడుక మొదటిసారి జరిగినప్పుడు 15 మంది బయలుదేరితే 12 మంది చివరిదాకా వెళ్ళారట. మన దేశంలో 2019లో గోవాలో ఇందులో సగం నిడివి పోటీ మొదలైంది. ఆ సగం మా పిల్ల ఇదివరకే పూర్తి చేసింది. ఇప్పుడు పూర్తి పోటీకి డెన్మార్కులోని కోపెన్‌హేగన్ వెళతానంటున్నది.

గోవా సముద్రం వెచ్చన. కోపెన్‌హేగన్ నీళ్ళు ఆగస్టులో కూడా ఇరవై డిగ్రీలు దాటకపోవచ్చు. ఇక్కడే మా చెల్లెలు అడ్డం తిరిగింది. "తల తడిస్తే చాలు, దీనికి తుమ్ములు. ఆ చలిదేశపు నీళ్ళలో గంటన్నరసేపు తల ముంచి ఉంచుతుందట! నువ్వు చూసి ఫరవాలేదంటే పంపిస్తాను, లేకుంటే లేదు అన్నయ్యా" అన్నది. తెలుగు ఎం.ఏ. చదివి పాఠాలు చెప్పుకొనే నాకు తెలిసిన ఈతల్లా, చిన్నప్పుడు నడుముకు సొరబుర్ర కట్టుకొని మోటబావిలో నేర్చినదే. అయినా మేనమామను గదా! పుస్తకాలు నాలుగు తిరగవేసి, మేనకోడలిని వెంటబెట్టుకొని బయలుదేరాను.

చదివినదానిలో ముందు తేలినది ఇది. ఒంటి వేడిలో సగం తలలోనుంచే పోతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. తల మన ఒంట్లో పదోవంతుకు మించదు. పోయే వేడి కూడా దాదాపు అంతే. కాని నీళ్ళ సంగతి వేరు. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగుకొంటుంది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం వారు 2006లో ప్రకటించిన పరిశోధనలో మనుషులను 17 డిగ్రీల నీళ్ళలో ఉంచి చూశారు. తలకూడా మునిగినప్పుడు పోయిన వేడి పదోవంతు మేరకే పెరిగినా, ఒంటి లోపలి వేడి తగ్గే వేగం సుమారు నలభై శాతం పెరిగింది. అంటే మా చెల్లెలి భయం ఉత్తది కాదన్నమాట.

చెవుల కథ మరొకటి. చన్నీళ్ళు చెవిలోకి పోతే లోపలి చెవిలోని ద్రవం కదిలి కళ్ళు తిరుగుతాయి. ఇది కనిపెట్టి వివరించిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. గట్టుమీద కళ్ళు తిరిగితే కూర్చొంటాము. నడినీళ్ళలో తిరిగితే ఎక్కడ కూర్చొంటాము?

మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలు మీదుగా కొల్లాపురం చేరాము. ఒకనాటి జటప్రోలు సంస్థానానికి రాజధాని ఇది. నేడు మామిడిపండ్లకు పేరు. సంక్రాంతి నాటికి తోటల్లో పూత మొదలైంది. అక్కడినుంచి కొద్దిదూరంలోనే సోమశిల. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ ఊరు 2016 నుంచి నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్నది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా పాత గుడులను విప్పి, పైకి తెచ్చి తిరిగి కట్టారు. మెట్లమీద నిలబడితే ఎదుట కృష్ణమ్మ సముద్రంలా కనిపిస్తుంది. ఆవలి ఒడ్డున సంగమేశ్వరుడు ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. వేసవిలో నీరు తగ్గితేగాని ఆయన దర్శనమివ్వడు.

రాత్రి అక్కడే బస చేసి ఆరు గంటలకు రేవుకు దిగాము. నీళ్ళమీద ఆవిరి లేస్తున్నది. వెంట తెచ్చిన ఉష్ణమాపకం గాలిలో 14 డిగ్రీలు చూపింది. నీళ్ళలో ముంచితే 23. గాలికంటే నీరే వెచ్చన. ఆవిరి లేవడానికి కారణమూ అదే.

రేవులో ఒక ముసలి జాలరి పుట్టిలో వల సర్దుకొంటున్నాడు. కృష్ణలో మొసళ్ళుంటాయి గనుక, ఆ ఊరివారిని అడగనిదే దిగకూడదని ముందే అనుకొన్నాము. అడిగాను. "ఈ రేవుకాడ భయం లేదు సారూ. ఆ రాళ్ళ దిక్కు మాత్రం పోవద్దు. నేను పుట్టిల ఎంబడి ఉంట" అన్నాడు. అంతకంటే కావలసినదేమున్నది!

మా పిల్ల సంచిలోనుంచి మూడు టోపీలు తీసి మెట్టుమీద పరిచింది. మొదటిది లేటెక్స్‌ది, పలుచని రబ్బరు. ధర తక్కువ, చలి ఆపే శక్తి కూడా తక్కువే. పైగా నూనె తగిలితే ఈ రబ్బరు పాడవుతుంది. వారానికి రెండుసార్లు కొబ్బరినూనె పెట్టి జడవేసే తల్లులున్న ఇళ్ళలో ఇది ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పనక్కరలేదు. రెండవది సిలికోన్‌ది. కాస్త మందం, మెత్తన. జుట్టు పీకదు, పొడుగు జడను ముడిగా చుట్టినా సాగి ఇముడ్చుకొంటుంది. దానిది నారింజరంగు. మూడవది నియోప్రీన్‌ది. మూడు మిల్లీమీటర్ల మందం, చెవులు కప్పి గడ్డం కింద పట్టీ. నల్లగా నిగనిగలాడుతున్నది.

"ఇది చూడడానికి మన గొంగడి ముక్కలా ఉన్నది గదే" అన్నాను.

"పని కూడా అదే మామా" అన్నది.

నిజమే. నల్లగొర్రె బొచ్చుతో కురుమలు నేసి, చింతగింజల గంజి పెట్టిన గొంగడి వానలో తడిసినా వెచ్చగానే ఉంటుంది. ఉన్నిపోగుల నడుమ చిక్కిన గాలి ఆ వేడిని కాపాడుతుంది. నియోప్రీన్ 1930లో అమెరికాలో పుట్టిన కృత్రిమ రబ్బరు. దాన్ని నురుగులా పొంగించి లోపల సన్నని వాయుబుడగలను బంధిస్తారు. చలిని ఆపేది ఆ బుడగలే. కురుమ తాత మగ్గం మీద సాధించినదీ, రసాయనశాలలో సాధించినదీ ఒకే సూత్రం!

ముందు నల్లటోపీతో దిగింది. పావుగంటలో వెనక్కు వచ్చింది. ముఖం కందగడ్డలా ఉన్నది. "తల ఉడికిపోతున్నది మామా!" అన్నది. ఇది నవ్వి వదిలేయవలసిన విషయం కాదు. 2010 అక్టోబరులో అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో వెచ్చని సముద్రంలో 10 కిలోమీటర్ల పోటీ జరుగుతుండగా ఫ్రాన్ క్రిపెన్ అనే అమెరికన్ ఈతగాడు చనిపోయాడు. ఇప్పుడు అంతర్జాతీయ నియమాల ప్రకారం 16 డిగ్రీలకు తక్కువైనా, 31 డిగ్రీలకు ఎక్కువైనా అటువంటి పోటీ జరపరాదు. చలి ఎంత శత్రువో వేడీ అంతే. మన నీళ్ళలో మందపు టోపీ అనవసరం.

తరువాత నారింజరంగు సిలికోన్ టోపీతో దిగి గంటసేపు హాయిగా ఈదింది. నేను మెట్లమీద, తాత పుట్టిలో. అది ఒడ్డుకు వచ్చాక తాత నాతో అన్నమాట ఈ ప్రయాణంలో నేను విన్న మంచిమాటల్లో ఒకటి. "నల్లటోపీ పెట్టుకున్నప్పుడు నీటికాకి అనుకున్న సారూ, రెండుసార్లు కండ్ల నుంచి తప్పిపోయింది. ఈ పండురంగు టోపీ అయితె ఎంత దూరమున్నా అవుపడ్డది. నీళ్ళల్ల ఉన్నోళ్ళ నెత్తి పుట్టిల ఉన్నోనికి కనపడాలె."

పుస్తకాలు కూడా అదే చెబుతాయి. నీలం, నలుపు నీళ్ళలో కలిసిపోతాయి. తెలుపు నురుగులా భ్రమ కలిగిస్తుంది. నారింజ, గులాబి, నిమ్మపచ్చ అలలనడుమ కూడా కంటికి ఆనుతాయి. టోపీ చలికే కాదు, కాపాడేవారి కంటికి కూడా!

మర్నాడు అచ్చంపేట, డిండి, దేవరకొండల మీదుగా నల్లగొండ జిల్లాలోకి, నాగార్జునసాగరానికి వెళ్ళాము. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆనకట్ట అది. అక్కడ ఈదే ఉద్దేశంతో వెళ్ళలేదు. లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసి వద్దామని. లాంచీమీదనుంచి చూస్తే తాత మాట మళ్ళీ రుజువైంది. దూరపు పడవలో నారింజరంగు రక్షణకోటు వేసుకొన్నవారిని లెక్కపెట్టగలిగాము. నల్లచొక్కాల వారు పడవలో కలిసిపోయారు.

కొండమీది మ్యూజియంలో ఒక శిల్పం ముందు మా పిల్ల చాలాసేపు నిలబడింది. ఇక్ష్వాకుల నాటి విజయపురిలో దొరికిన స్తంభం మీద, చేత ఈటె పట్టిన శకయోధుడి బొమ్మ. ఒంటినిండా కోటు, తలకు టోపీ. ఎక్కడి చలిదేశం, ఎక్కడి కృష్ణాతీరం! పదిహేడు వందల ఏళ్ళ కిందట మన శిల్పి ఆ తలకట్టును వింతగా చూసి రాతిలో దించి ఉంటాడు. "వాళ్ళు టోపీ పెట్టుకొని ఇటు వచ్చారు, నేను టోపీ పెట్టుకొని అటు పోతాను" అన్నది మేనకోడలు. నవ్వు వచ్చింది, సంతోషమూ కలిగింది.

తిరుగుదారిలో లెక్క తేల్చుకొన్నాము. కోపెన్‌హేగన్‌లో ఒంటికి రబ్బరు సూటు ఉంటుంది, నీరు 24.5 డిగ్రీలకు మించనప్పుడు ఆ పోటీల్లో దానికి అనుమతి. నీరు మరీ చల్లగా ఉంటే లోపల నియోప్రీన్ టోపీ, దానిమీద కళ్ళద్దాల పట్టీ, అన్నిటికంటే పైన నిర్వాహకులు ఇచ్చే రంగుటోపీ. పట్టీ రెండు టోపీల నడుమ ఉంటే ఎవరి చేయో తగిలినా కళ్ళద్దాలు ఊడిపోవు. చెవుల్లో మెత్తని బిరడాలు. అయితే మందపు టోపీని పోటీనాడే మొదటిసారి పెట్టుకోకూడదు. నాలుగురోజులు ముందే చేరి ఆ నీళ్ళలో అలవాటు చేసుకోవాలి. దిగగానే ఊపిరి ఎగదన్నుతుంది; ఒకటి రెండు నిమిషాలు తల పైకి పెట్టి, ఊపిరి కుదుటపడ్డాకే ముఖం ముంచాలి.

టోపీని మించినది అలవాటు. 1958 సెప్టెంబరు 27న మిహిర్ సేన్, మరుసటి ఏడు ఆరతీ సాహా ఇంగ్లీషు చానలు ఈదారు. సంప్రదాయమైన చానలు ఈతలో నేటికీ వేడినిచ్చే టోపీ పనికిరాదు. మామూలు టోపీ ఒక్కటే అనుమతి. మన తెలుగు మహిళ గోలి శ్యామల 2021 మార్చిలో, నలభై ఏడేళ్ళ వయసులో, శ్రీలంకనుంచి ధనుష్కోటికి సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని పదమూడు గంటలకు పైగా ఈది దాటారు. ఇది విన్న మా చెల్లెలు కొంత మెత్తబడింది.

ఆమె పూర్తిగా ఒప్పుకొన్నది మాత్రం చివరి సంగతి చెప్పిన తరువాతనే. చన్నీళ్ళలోనుంచి బయటికి వచ్చాక కూడా కొంతసేపు ఒంటి లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది. అప్పుడు తడిటోపీ తీసేసి, తల తుడిచి, పొడి ఉన్నిటోపీ పెట్టుకోవడం చాలా మేలు. పోటీలో వెంటనే సైకిలెక్కాలి గనుక అంత తీరిక ఉండదు. కాని సాధనచేసే ప్రతిరోజూ అది తప్పదు.

"అంటే మంకీ టోపీ కావాలన్నమాట!" అన్నది చెల్లెలు. లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టెలో కలరా ఉండల వాసనతో ఉన్న తన ఉన్నిటోపీ తెచ్చి, నారింజది, నల్లది రెంటి పక్కన సంచిలో పెట్టింది. లేటెక్స్ టోపీ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.