పూలు, ముసుగు, వెంగమాంబ

తరిగొండ వెంగమాంబ మీద పిహెచ్.డి. చేస్తానన్నప్పుడు నన్నెవరూ వెంగమాంబ గురించి అడగలేదు. "మీరు క్రిస్టియన్లు గదా?" అనే అడిగారు. చర్చిలో అడిగినవాళ్ల గొంతులో అనుమానం, యూనివర్సిటీలో అడిగినవాళ్ల గొంతులో ఆశ్చర్యం. మా అమ్మ ఒక్కతే ఏమీ అడగలేదు. తన బైబిలు పెట్టుకునే అలమరలోనే నా జిరాక్సు కట్టలకు చోటు చేసింది.

మాది చిత్తూరు. ఆర్కాట్ మిషన్ రోజుల్లో క్రైస్తవంలోకి వచ్చిన మాల కుటుంబం. మా అవ్వ బైబిలు స్త్రీగా ఊళ్లు తిరిగింది. గుడిలోకి, బడిలోకి మమ్మల్ని రానివ్వని కాలంలో మిషన్ వాళ్లు అవ్వ చేతికి పలక ఇచ్చారు. అందుకే చిన్నప్పటినుంచీ నాకొక లెక్క ఉండేది. వాళ్ల మతం ఆడవాళ్లను అణిచింది, మా మతం చదివించింది అని. ఆ లెక్క అబద్ధం కాదు గానీ, సగమే నిజం.

వెంగమాంబ 1730లో గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టింది. 2022 దాకా అది చిత్తూరు జిల్లా. బ్రాహ్మణ కుటుంబం. చిన్నతనంలోనే పెళ్లయింది, చిన్నతనంలోనే భర్త పోయాడు. శిరోముండనం చేయించుకోమంటే ఒప్పుకోలేదు. నా భర్త వేంకటేశ్వరుడు, నేను వితంతువును ఎట్లా అవుతానంది. మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గర చదువుకుంది. తిరుమల చేరి, 1817లో చనిపోయేదాకా రాస్తూనే ఉంది. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, రాజయోగసారం, యక్షగానాలు, తత్త్వకీర్తనలు. ఈ రోజుకీ తిరుమలలో ఏకాంత సేవ ఆమె పేరిట ఇచ్చే ముత్యాల హారతితోనే ముగుస్తుంది.

బలవంతంగా గుండు చేయిస్తే నీట మునిగి లేచేసరికి జుట్టు మళ్లీ వచ్చేసిందని కథ చెప్తారు. చెప్పేవాళ్లంతా ఆ అద్భుతం దగ్గర ఆగి దండం పెడతారు. నేను మాత్రం అంతకు ముందు ఆమె అన్న "చేయించుకోను" దగ్గరే ఆగిపోయాను.

ఆ అధ్యాయం రాస్తుండగా ఒక సాయంత్రం పూలమ్మే ఆమె మా వాకిట్లోకి వచ్చింది. నాకు రెండు మూరలు కొలిచిచ్చి వెళ్లిపోయింది. అమ్మ వైపు చూడను కూడా చూడలేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. అప్పటికి అమ్మకు ముప్పై ఆరేళ్లు. గాజులు పగలగొట్టలేదు, మూలన కూర్చోబెట్టలేదు. మేం క్రైస్తవులం గదా! కానీ తర్వాతి ఆదివారంనుంచి అమ్మ తలలో పూలు లేవు. రంగు చీరలు పెట్టెలోకి పోయాయి. పెట్టుకోవద్దని చెప్పిందెవరని అడిగితే ఫలానావాళ్లని చెప్పలేం.

బైబిలు తీసి వెతికాను. స్త్రీలు తలమీద ముసుగు వేసుకోవాలని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ఉంది. అది మా సంఘంలో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. యౌవనంలో ఉన్న విధవరాండ్రు మళ్లీ పెళ్లి చేసుకోవాలని తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో ఉంది. మా అమ్మకు అది ఎవరూ చదివి వినిపించలేదు. పూలు మానేయమని మాత్రం ఎక్కడా లేదు. మరి ఆ నియమం ఎక్కడిది? మమ్మల్ని బావి దగ్గరకు రానివ్వని కులాల ఇళ్లలోది. మా పాతతరంలో మారుమనువులుండేవని అవ్వ చెప్పేది. మర్యాదస్తులమనిపించుకోవాలని మారుమనువును వదిలేశాం, వైధవ్యాన్ని నెత్తికెత్తుకున్నాం. ఇంతకాలం నా ఇంట్లోనే ఉన్న దీన్ని, రెండొందల యాభై ఏళ్లనాటి ఒక బ్రాహ్మణ వితంతువు నాకు చూపించింది.

ఉత్సాహం ఆగక వెంగమాంబ కథంతా అమ్మకు చెప్పాను. అమ్మ చింతపండు గింజలు తీస్తూ విన్నది. చివరకు, "ఆయమ్మకు దేవుడే మొగుడైనాడు, సరిపోయింది. నాకు యేసయ్య తండ్రి గదా పాపా! నా మొగుడు చచ్చిపోయినోడే గదా" అంది.

నా దగ్గర జవాబు లేదు. భర్త పోయిన ఆడదాన్ని ఎందుకిలా చూస్తారని వెంగమాంబ అడగలేదు. నేను అలాంటిదాన్ని కానంది, అంతే. తక్కినవాళ్ల సంగతి? ఆమెను తలకెత్తుకుని రాసుకున్న అధ్యాయాన్ని తిరగరాశాను. నాకు కొత్త సిద్ధాంతమేదో తట్టి కాదు, అమ్మ మాటవల్ల. పక్క మతం ఇచ్చే జవాబు మనకు అతకకపోవచ్చు. అది లేపిన ప్రశ్నను మాత్రం ఇంటికి తెచ్చుకోవచ్చు.

థీసిస్ ఇచ్చాక తిరుమల వెళ్లాను. హిందువులు కానివాళ్లు దర్శనానికి వెళ్లాలంటే స్వామిమీద నమ్మకం ఉందని డిక్లరేషన్ రాసివ్వాలి. "ఒక్క సంతకమే గదా, పెట్టెయ్" అంది స్నేహితురాలు. ఆ నియమం మంచిచెడ్డలు వేరే చర్చ. నమ్మనిది నమ్ముతున్నానని రాసిస్తే ఇన్నేళ్లు వెంగమాంబ దగ్గర ఏం నేర్చుకున్నట్టు? దర్శనానికి వెళ్లలేదు. ఆమె బృందావనం దగ్గర కాసేపు కూర్చున్నాను. 2011లో ఆమె పేరుతో తెరిచిన అన్నదాన భవనంలో అందరితోపాటు భోంచేశాను. దారిలో కల్యాణకట్టనుంచి గుండుతో, గంధంతో నవ్వుకుంటూ వస్తున్న ఆడవాళ్లు కనిపించారు. వెంగమాంబ వద్దన్నదాన్ని వీళ్లు మొక్కి మరీ చేయించుకున్నారు. కత్తి అదే. అడిగి చేయించుకోవడానికీ, పట్టి చేయించడానికీ మధ్య ఉన్న దూరమే నా థీసిస్ అంతా.

అమ్మ ఇప్పటికీ పూలు పెట్టుకోదు. "అలవాటు పోయింది" అంటుంది. నేను బలవంతం చేయను. అదీ ఒక పెత్తనమే గదా.

కానీ పోయిన ఏడాది మా బంధువుల పెళ్లిలో ఒకటి జరిగింది. ముప్పై ఒకటో ఏట భర్త పోయిన మా పిన్నికూతురు ఒక మూల నిలబడి ఉంది. పూలబుట్ట అందరి దగ్గరికీ వెళ్లి ఆ పిల్లను దాటిపోయింది. అమ్మ లేచి, బుట్టలోంచి కనకాంబరాల దండ తీసి ఆ పిల్ల జడలో తురిమింది. ఎవరో గొణిగారు. అమ్మ సంచీలోంచి బైబిలు తీసి వాళ్ల చేతిలో పెట్టింది.

"ఏ వాక్యంలో ఉండాదో చూపించండి" అంది.