సైరన్ మోగినా ఎవరూ రాలేదు

ఇల్లు అమ్మకానికి పెట్టినవాడు గోడలకు వెల్ల వేయిస్తాడు, కారే కుళాయిలు బాగుచేయిస్తాడు, పెరట్లో పిచ్చిమొక్కలు పీకిస్తాడు. నేనూ ఇవన్నీ చేశాను. దొంగల భయంతో నేనే పెట్టించిన అలారం సంగతి మాత్రం మరిచాను. ఆ మరుపునకు మేము చెల్లించిన మూల్యం స్వల్పమేమీ కాదు.

మా ఇల్లు బస్తర్‌లో, జగదల్‌పూర్‌కు దాదాపు 16 కిలోమీటర్ల దూరాన ఉన్న నగర్‌నార్‌లో. అక్కడి ఉక్కు కర్మాగారం నిర్మాణపు పనుల కోసం నేను విశాఖపట్నం నుంచి వెళ్లాను. ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంగల ఆ కర్మాగారం 2023 అక్టోబరు 3న జాతికి అంకితమయింది. నా ఉద్యోగ విరమణ తరువాత ఇల్లు అమ్మి విశాఖకే తిరిగి వెళ్లాలనుకున్నాము.

అక్కడ ఇల్లు అమ్మడం తేలిక కాదు. బస్తర్ రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. 1959 నాటి భూ రెవెన్యూ స్మృతిలోని 165వ సెక్షను గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపు కాస్తుంది. అలా కాయడం న్యాయమే. అందువల్ల కొనదలచినవారు మా స్థలం పూర్వాపరాలన్నీ తరచి చూసిన తరువాతే గుమ్మం తొక్కేవారు. అలా వచ్చేవారే కొద్దిమంది. ప్రతి రాకా మాకు ముఖ్యమే.

అలారం పెద్ద యంత్రమేమీ కాదు. తలుపు రెక్కకు ఒక అయస్కాంతం, ద్వారబంధానికి దాని జత. రెండూ విడిపోతే సైరన్ మోగుతుంది. గది మూలన ఉన్న సెన్సర్ కదిలే మనిషి ఒంటివేడిని పసిగడుతుంది. వీధి తలుపు తీసినవారు 30 సెకన్లలో రహస్య సంఖ్య నొక్కకపోతే ఊరంతా వినిపించేటట్టు అరుస్తుంది. మా ఆవిడ తాళంచెవుల గుత్తికి ఒక చిన్న మీట కూడా ఉండేది. ఆపదలో దాన్ని నొక్కినా సైరనే.

మొదటి ఆదివారం వచ్చిన పెద్దమనిషి బావి చూద్దామని పెరటి తలుపు తీశాడు. పగలు కూడా ఆ తలుపుకు కాపలా ఉంటుందని చెప్పడం మరిచాను. సైరన్ మోగింది. తత్తరపాటులో నాకు సంఖ్య గుర్తుకు రాలేదు. ఇరుగుపొరుగువారు కర్రలతో పరుగెత్తుకొచ్చారు. వారికి క్షమాపణ చెప్పి పంపేసరికి ఆ పెద్దమనిషి, “ఇక్కడ దొంగల బెడద ఎక్కువా?” అని అడిగి చెప్పులు తొడుక్కున్నాడు. మళ్లీ రాలేదు.

రెండవసారి మేము ఊళ్లో లేము. మధ్యవర్తికి తాళం ఇచ్చి, ఫోనులో సంఖ్య చెప్పాను. అతడు దాన్ని పైకి వల్లిస్తూ నొక్కాడు. వచ్చిన నలుగురికీ మా ఇంటి గుట్టు తెలిసిపోయింది. పైగా ఒక అంకె తప్పింది. సైరన్ మోగింది. ఈసారి ఒకరిద్దరు గోడమీదుగా తొంగిచూశారట. మూడవసారి ఎవరి పిల్లవాడో ఆడుకుంటూ మీట నొక్కాడు. ఎవరూ తొంగి అయినా చూడలేదు. “పోనీలే, అలవాటు పడ్డారు” అనుకుని సంతోషించాను కూడా!

ఆ తరువాతి వారం నేను కాగితాల నకళ్లకోసం జగదల్‌పూర్ వెళ్లాను. మా ఆవిడ పెరటి వసారాలో జారిపడింది. లేవలేకపోయింది. కొంగున ఉన్న గుత్తి అందుకుని మీట నొక్కింది. సైరన్ అయిదు నిమిషాలు అరిచి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అరిచి ఆగిపోయింది. ఎవరూ రాలేదు.

చివరకు వచ్చింది పక్కింటి దీదీ. మేకలను తోలుకొస్తూ మా వాకిలివైపు చూసిందట. ఇల్లు చూడవచ్చేవారు ఎప్పుడూ మోటారులోనే వస్తారు. ఆనాడు వాకిట్లో ఏ బండీ లేదు. మరి సైరన్ ఎందుకు మోగుతున్నది? ఆ సందేహమే మా ఆవిడను కాపాడింది. దీదీ తన కొడుకును పిలిచి ఆస్పత్రికి చేర్పించింది. తుంటి ఎముక విరిగింది, శస్త్రచికిత్స జరిగింది. ఈనాడు మా ఆవిడ చేతికర్రతో నడుస్తున్నది.

“రోజూ మోగేదే కదా అనుకున్నాను” అంటూ దీదీ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెది హల్బీ భాష, నాది వచ్చీరాని హిందీ. తప్పు ఆమెది కాదు, నాదేనని చెప్పడానికి నా దగ్గర మాటలు చాలలేదు.

విద్యుత్తుతో పనిచేసే దొంగల గంటకు అమెరికాలో ఆగస్టస్ పోప్ అనే ఆయన 1853లోనే పేటెంటు పొందాడు. నాటి గంట మొదలు నేటి సైరన్ వరకు యంత్రం చేయగలిగినది కేకవేయడం వరకే. రావలసినది మనిషి. ఆ మనిషి చెవిని నేను మూడు వారాలలో మొద్దుబార్చాను.

అటుపిమ్మట మా పద్ధతి మారింది. ఎవరైనా ఇల్లు చూడవస్తారనగానే ముందుగా ఇరుగుపొరుగుకు చెప్పేవాళ్లము. వచ్చినవారు గుమ్మం ఎక్కేలోగా నేనే అలారం ఆపేవాణ్ణి. మధ్యవర్తికి ఆ ఒక్కరోజుకు పనికివచ్చే వేరే సంఖ్య ఇచ్చి, సాయంత్రానికి చెరిపివేసేవాణ్ణి. గుత్తి మా ఆవిడ కొంగునే ఉండేది. వచ్చినవారికి అలారం ఉన్నదని దాచకుండా చెప్పేవాణ్ణి. ఏ సెన్సర్ ఎక్కడున్నదో మాత్రం బేరం కుదిరేదాకా చెప్పేవాణ్ణి కాదు.

ఇల్లు అమ్ముడయింది. అప్పగింతనాడు మా సంఖ్యలన్నీ చెరిపివేశాను. మా పెళ్లినాటి తేదీ అందులో ఉండేది. అది చెరిపేటప్పుడు వేలు ఒక్క క్షణం ఆగింది. కొన్న దంపతులు తమ సంఖ్య పెట్టుకుంటూంటే నేను మొగం పక్కకు తిప్పుకున్నాను. తరువాత వారిని దీదీ ఇంటికి తీసుకువెళ్లి పరిచయం చేశాను. సైరన్‌ను ఒకసారి మోగించి చూపిస్తామనీ, కంగారుపడవద్దనీ ఆమెకు మరీమరీ చెప్పాను.

సైరన్ మోగింది. రెండు నిమిషాలలో దీదీ గేటు దగ్గర నిలబడి ఉంది.

“చెప్పాను కదా దీదీ, పరీక్షకే అని” అన్నాను.

“చెప్పారు. అయినా ఒకసారి చూసిపోదామని” అంది.