తాతయ్య కూర్చున్న తోలు

మార్చి 19, 2025. తిరుమలాయపాలెం

కాలిఫోర్నియా నుంచి మేనల్లుడి ఫోన్. పిల్లాడి ఒడుగు జూన్‌లో ఇక్కడే, ఈ ఇంట్లోనే చేస్తాడట. ఎంత సంతోషం! సున్నాలు వేయించాలి. బావి గట్టు పగిలింది, అదొకటి.

పెట్టేసే ముందు అన్నాడు: "అత్తా, ముత్తాతగారి జింకతోలు ఉంది కదా? అందులోంచి చిన్న ముక్క కోసి వీడి జంధ్యానికి కడదాం. మన ఇంటిది."

ఉంది. ట్రంకుపెట్టె అడుగున. సరే అన్నాను.

మార్చి 22

పెట్టె తీశాను. కర్పూరం, ఎండిన వేపాకు వాసన. వీపు మీది నలుపు గోధుమరంగుకు తిరిగింది. కడుపు వైపు తెలుపు మాత్రం అలాగే ఉంది. పట్టుకుంటే వెంట్రుకలు ఊడి వస్తున్నాయి. తాతయ్య దీని మీదే కూర్చుని జపం చేసుకునేవాడు. మమ్మల్ని తాకనిచ్చేవాడు కాదు. ఇప్పుడు వద్దనేవాళ్లు లేరు. అయినా చెయ్యి ఆగింది.

పక్కటెముకల దగ్గర ఒక చిల్లు. గుండ్రంగా. ఎలుక కొరికితే ఇంత గుండ్రంగా ఉండదు.

దానంతట అది చచ్చిన జింకదే అని కదా ఇంట్లో అందరూ చెప్పేది?

మార్చి 25

అన్నయ్యను అడిగాను. ఎవరో దొర వేటాడి తెచ్చి తాతయ్యకు ఇచ్చాడట. అన్నయ్యకు ఎప్పటినుంచో తెలుసు.

"అప్పట్లో అది తప్పు కాదు. ఇప్పుడు కొంటే తప్పు. ఉన్నదాన్ని వాడుకుంటే ఎవరికి నష్టం? ఆ జింక మళ్లీ చస్తుందా?"

చావదు. నిజమే. మరి నాకెందుకు ఇలా ఉంది?

మార్చి 30, ఉగాది

మిర్చి ధర పడిపోయింది. ఊళ్లో పండగ కళ లేదు. మధ్యాహ్నం పక్కింటి అబ్బాయికి పచ్చడి ఇచ్చాను. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్షకు చదువుతున్నాడు. ఊరికే అడిగినట్టు అడిగాను. గడగడా చెప్పాడు. వన్యప్రాణి చట్టం 1972ది. కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఇళ్లలో ఉన్న తోళ్లూ కొమ్ములూ రాయించుకోవాలి. రాయించని వాళ్లకు 2003లో మళ్లీ ఆరు నెలల గడువు ఇచ్చారు. పట్టుబడితే మూడేళ్ల నుంచి ఏడేళ్లు.

రాయించిన కాగితం ఇంట్లో ఎక్కడా కనపడలేదు. నాన్న పెట్టెలో కూడా.

నేను చట్టానికి భయపడుతున్నానా, ఆ చిల్లుకా?

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

టీవీలో భద్రాద్రి కల్యాణం చూశాను. తలంబ్రాల దాకా కళ్లు తిప్పలేదు. తర్వాత మనసు పర్ణశాలకు పోయింది. సీతవాగు దగ్గర బండల మీద పసుపు మరకలు, నారచీర ఆరేసిన చారలు చూపిస్తారు. అక్కడే బంగారు లేడి కనపడింది.

నాయనమ్మ చెప్పే కథలో సీతమ్మ రవికెకు అడిగింది ఆ తోలు. వాల్మీకంలో పరుచుకుని కూర్చోవడానికి. అదీ రెండో కోరిక. ప్రాణంతో దొరికితే అయోధ్యకు తీసుకుపోదాం అని ముందు అడిగింది. దొరక్కపోతేనే తోలు. రాముడు కూడా మురిసిపోయాడు. రకరకాల మెత్తటి తోళ్లు తలుచుకుని, గొర్రెది కూడా, ఏదీ దీనికి సాటిరాదనుకున్నాడు. లక్ష్మణుడు ఒక్కడే వద్దన్నాడు. అదీ, అది మారీచుడి మాయ అని. నిజం జింకే అయితే? చంపొచ్చా అని అక్కడ ఎవరూ అడగలేదు.

నారచీర కట్టుకుని అడవిలో అన్నేళ్లు తిరిగిన మనిషి. మెరిసేదొకటి కోరుకుంది. ఆమెను ఒక్క మాట అనలేను. ఆమె స్థానంలో ఉంటే నేను అడగనా?

ఏప్రిల్ 9

మేనల్లుడికి చిల్లు సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, వాళ్ల రాష్ట్రంలో 2023 జనవరి 1 నుంచి కొత్త బొచ్చుకోట్లు అమ్మకూడదట. కానీ ఆ చట్టంలో కూడా పాతవాటికి మినహాయింపు ఉందట. మతాచారానికీ ఉందట. "మనది రెండూ అత్తా. పాతదీ, ఆచారమూ."

బాగా చదువుకున్న పిల్లాడు. తప్పేం మాట్లాడలేదు.

కోడలు ఫోన్ తీసుకుంది. ఒక్క కోటుకు మింకులనే చిన్న జంతువులు పదుల కొద్దీ కావాలట. 2020లో కరోనా భయంతో డెన్మార్క్‌లో కోటికి పైగా మింకుల్ని చంపి పూడ్చారట. బోన్లలో పెంచినవి. "మనది ఒక్క జింకే కదా అత్తయ్యా" అంది, నన్ను ఊరడించడానికే.

కోటి నా ఊహకు అందదు. ఈ ఒక్కదాని చిల్లులో నా చిటికెన వేలు పడుతుంది.

ఏప్రిల్ 12

వదిన: "అంత జాలి ఉంటే ముందు నీ బీరువాలో పట్టుచీరలు తియ్యి."

తగిలింది. ఆమె అన్నది నిజం కూడా. గూట్లో పురుగు ఉండగానే ఉడకబెడతారు. రెక్కలొచ్చి బయటికొస్తే దారం తెగిపోతుంది కనక. కుసుమ రాజయ్య గారి గురించి ఎప్పుడో చదివాను. చేనేత సంస్థ ఆప్కోలో పనిచేసిన మనిషి. అప్పటి రాష్ట్రపతి వెంకట్రామన్ గారి భార్య జానకి గారు అడిగారట, పురుగును చంపకుండా పట్టుచీర రాదా అని. ఆ మాట పట్టుకుని ఆయన అహింసా పట్టు చేశాడు. పురుగు ఎగిరిపోయాక, తెగిన గూటిని వడికి. మెరుపు కొంచెం తక్కువట.

అడగడానికి ఒక మనిషి, పట్టించుకోవడానికి ఒక మనిషి.

ఒడుగుకు నూలుచీర కట్టుకుంటాను. పత్తికి మాత్రం మందు కొట్టరా? మన చేలల్లో ఎన్ని పురుగులు... ఇలా పోతే ఏం కట్టుకోవాలి? తెలియదు. అయినా పట్టు కట్టబుద్ధి కావడం లేదు.

ఏప్రిల్ 17

రాత్రి నిద్ర పట్టక నాన్న పుస్తకాలు దింపాను. ఆపస్తంబ ధర్మసూత్రం. బ్రాహ్మణ వటువుకు జింకతోలు, క్షత్రియుడికి రురుమృగానిది, వైశ్యుడికి మేకది. ఇది తెలిసిందే. ఆ వెంటనే ఉంది, గొర్రెతోలు అన్ని వర్ణాల వాళ్లకూ సరిపోతుందని. ఆ పక్కనే, కంబళి కూడా అని.

కంబళి కూడా!

మేం ఆపస్తంబులమే. నాన్న ఆ చోట పెన్సిల్‌తో గీత పెట్టి ఉన్నాడు. ఎందుకు పెట్టాడో. ఎవరిని అడగను?

మే 3

కురుమ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. నల్ల ఉన్ని గొంగడి కావాలి, రంగు వెయ్యనిది అన్నాను.

"బొచ్చు గొర్లు యాడున్నయమ్మా ఇప్పుడు? సర్కారోళ్లు ఇచ్చినయన్నీ నున్నటియి. కోతకే."

2017లో ఒక్కొక్కరికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచారు. ఆ గొర్రెలకు ఉన్ని లేదు. మన నల్ల గొర్రెకు ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. కత్తిరించినా ఉన్ని కొనేవాడు లేడని పారబోస్తున్నారట. ఈయన ఇంట్లో గుంట మగ్గం ఇంకా ఉంది. చింతగింజల గంజి కాసే కుండ కూడా. పెద్దావిడ వడుకుతూనే ఉంది, మా మాటలు వింటూ.

"కత్తిరిస్తే నొప్పి ఉండదా?"

"కత్తెర జారితే గీసుకుంటది. ఎండలకు బొచ్చు తీస్తే దానికే హాయి."

"ముసలిదైతే?"

"అమ్ముతం. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలె?"

ఆ మాటకు ఆయన మీద గౌరవం పెరిగింది. పాపం అంటని బట్ట ఈ లోకంలో ఏదీ లేదేమో. కానీ ఇది ఆ గొర్రె బతికుండగా ఇచ్చినది. మళ్లీ మొలిచేది. నాకు ఆ తేడా చాలా పెద్దది.

మే 5

పురోహితుడు గారు ఫోన్‌లో ఆ సూత్రం చదివించుకున్నారు. రెండోసారి కూడా. "శాస్త్రం ఒప్పుకుంటోందమ్మా. నాకు అభ్యంతరం లేదు."

అన్నయ్యకు ఉంది. "రేపు భద్రాచలం పోయి కొమ్ముకోయల్ని కూడా తలల మీది అడవిదున్న కొమ్ములు తీసెయ్యమంటావా?"

అనను. అవి వాళ్ల తాతల నుంచి వచ్చినవి. ఆ కొమ్ములు పెట్టుకుని ఆడితేనే అది వాళ్ల ఆట. మనదీ తాత నుంచి వచ్చిందేగా అంటాడు అన్నయ్య. తేడా ఉంది. ఇంకో దారి మన సూత్రంలోనే రాసి ఉంది. వాళ్లకేం ఉందో వాళ్లు చెప్పాలి, నేను కాదు.

ఇదంతా అప్పుడు నోటికి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. అన్నయ్య అన్నం తినకుండా లేచిపోయాడు.

మే 21

మాటల్లేవు. సున్నాలవాడి డబ్బు మాత్రం అన్నయ్యే ఇచ్చి వెళ్లాడు.

జూన్ 5, గురువారం

అయింది. పిల్లాడు నల్ల గొంగడి ముక్కతో, మోదుగ దండంతో నిలబడ్డాడు. "గుచ్చుకుంటోంది అమ్మమ్మా" అని నా చెవిలో. గుచ్చుకోనీ నాన్నా. గొర్రె సంగతి, మగ్గం సంగతి చెప్పాను. చూస్తానన్నాడు. సాయంత్రం వాళ్ల నాన్న తీసుకెళ్లాడు. ఇద్దరూ చీకటి పడ్డాక వచ్చారు.

అన్నయ్య తాతగా చెయ్యాల్సినవన్నీ చేశాడు. గొంగడి ముక్కను వేళ్లతో నలిపి చూశాడు. ఏమీ అనలేదు.

జూన్ 9

వాళ్లు వెళ్లిపోయారు. తోలును అటవీశాఖకు అప్పగిస్తూ దరఖాస్తు రాస్తున్నాను. కేసు పెడతారని వదిన భయం. పెట్టొచ్చు. ఎనభై దాటిన అన్నయ్యను ఇందులోకి లాగకూడదని నా పేరు మీదే రాశాను. ఎలా వచ్చింది అన్న చోట "వారసత్వంగా" అని పక్కింటి అబ్బాయి రాయమన్నాడు. రాశాను. దాని కింద, వేటాడి చంపిన జింక, తూటా చిల్లు ఉంది అని కూడా రాశాను. అతను అక్కర్లేదన్నాడు. నాకు కావాలి.

రాత్రి అన్నయ్య వచ్చి కాగితం అడిగాడు. చదివాడు. నా సంతకం పక్కన తన సంతకం పెట్టి, ఖమ్మం బస్సు ఎన్నింటికని అడిగాడు.