పరదేశమున గృహనిర్ణయము

పసిబిడ్డలతో పరదేశమునకు పోవు కుటుంబమునకు గృహనిర్ణయము మిక్కిలి ముఖ్యము. నా చెల్లెలు కెనడాకు పోవుచున్నది. కొలువునకు చేరువ నుండవలెనని మరిదిగారును, తెలుగువారి నడుమ నుండవలెనని వారి తల్లిగారును వాదించుచున్నారు. పగలెల్ల బిడ్డలతో ఆ యింట నుండవలసినది నా చెల్లెలు. ఆమె యభిప్రాయము నెవరును అడుగలేదు.

మేము గుంటూరు మండలమునుండి హైదరాబాదు వచ్చినపుడు నేను తార్నాకను కోరితిని. దూరమున అద్దె తక్కువే. కాని యిచ్చట బడి, కూరల అంగడి, వైద్యశాల బిడ్డను చంకనెత్తుకొని నడచిపోదగినంత దూరముననే యున్నవి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లనీడయు చేరువనే కలదు. అంతకంటె మేలొకటి గలదు. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయము, 1958లో కూనూరునుండి తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, రైల్వే కొలువులు నానాప్రాంతములవారిని ఇచ్చటికి రప్పించినవి. మా పొరుగువారు తమిళులు, బెంగాలీలు. తామును ఒకనాడు క్రొత్తవారే గనుక, నాకు జ్వరము వచ్చిన దినమున పిలువకయే వచ్చి మా బిడ్డలకు అన్నము పెట్టిరి.

కావున ఇల్లు చూచునపుడు గదులు లెక్కించుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుడు. బండి లేకయే యే యే పనులకు నడచిపోగలను? ఆపదవేళ నెవరి తలుపు తట్టగలను? మంచు కురియు దేశమున నడకదూరము మరింత తగ్గవలెను. ఈ రెండింటికి ఇల్లాలు సమాధానము చెప్పలేని యింటికి బయానా ఈయరాదు.